బెంగళూరు మారేడు ఎంపిక: ప్రాజెక్టు డైరీ

జనవరి 2025: ఏం వెతుకుతున్నాం

దేవనహళ్లి, హోసకోటె, మాలూరు, ఆనేకల్ వైపు గుళ్ల ఆవరణల్లోనూ పొలం గట్ల మీదా పాత బంగళాల వెనకా మారేడు చెట్లు చాలానే ఉన్నాయి. దాదాపు అన్నీ గింజ పడి మొలిచినవే. మారేడులో పరపరాగ సంపర్కం ఎక్కువ కాబట్టి గింజ మొక్కకు తల్లి గుణమే వస్తుందన్న భరోసా లేదు. పక్కపక్కనే ఉన్న రెండు చెట్లలో ఒకదాని కాయ బత్తాయంత ఉంటే ఇంకోదాని కాయ చిన్న గుమ్మడంత ఉంటుంది. ఒకటి గుజ్జుతో నిండి ఉంటే, ఇంకోదాంట్లో సగం గింజలూ జిగురే. ఈ తేడాల్లోంచి మంచి చెట్లను ఏరి, అంటు కట్టి, ఒకే నేలలో పక్కపక్కన పెంచి పోల్చాలన్నది ఈ పని.

ఉత్తరాదిలో ఈ దారి ముందే వేశారు. ఫైజాబాద్ (ఇప్పటి అయోధ్య) నరేంద్రదేవ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి నరేంద్ర బేల్-5, నరేంద్ర బేల్-9 వచ్చాయి. పంత్‌నగర్ నుంచి పంత్ అపర్ణ, పంత్ శివాని, పంత్ సుజాత, పంత్ ఊర్వశి వచ్చాయి. లక్నోలోని కేంద్ర ఉపోష్ణ ఉద్యాన పరిశోధన సంస్థ (సీఐఎస్‌హెచ్) సీఐఎస్‌హెచ్ బి-1, బి-2 ఇచ్చింది. గుజరాత్‌లో గోధ్రా దగ్గరి వెజల్‌పూర్ కేంద్రం గోమా యశి ఇచ్చింది. వీటిని ఎంచినప్పుడు ముఖ్యంగా చూసింది షర్బత్తుకూ మురబ్బాకూ పనికొచ్చే గుజ్జు. బెంగళూరు ఎత్తు సముద్రమట్టానికి 900 మీటర్ల పైనే. ఇక్కడ ఎండ ఉత్తరాది మైదానాల్లో కాసినంత కాయదు, ఏప్రిల్‌లోనే జల్లులు పడతాయి. అక్కడ నెగ్గిన రకం ఇక్కడా నెగ్గుతుందని ముందే అనుకోవడానికి లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని మొదటే తేల్చుకోవాలి. ఆయుర్వేదంలో మిగతా పండ్లు పండాక మేలు, మారేడు మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే మేలు అంటారు. విరేచనాలకు వాడేది పచ్చి కాయ గుజ్జు. బాగా పండింది దానికి ఎదురు పని చేస్తుంది, మలబద్ధకానికి ఇస్తారు. అంటే మందుకు మంచి చెట్టు, తినడానికి మంచి చెట్టు ఒకటే అవుతాయన్న నమ్మకం లేదు. అందుకే రెండు జాబితాలు పెట్టుకున్నాం: పండు జాబితా, మందు జాబితా. ఒకే చెట్టు రెండింట్లోనూ నిలిస్తే సంతోషమే. కానీ రెండింటి మార్కులూ కలిపి ఒకే ర్యాంకు ఇస్తే రెండు వాడకాలకూ అన్యాయం జరుగుతుంది.

ఫిబ్రవరి: చెట్లకు నంబర్లు

ఒక్కో చెట్టుకూ ఒక కోడ్, జీపీఎస్ బిందువు, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున కాండం చుట్టుకొలత, కొమ్మల విస్తీర్ణం (తూర్పు పడమర, ఉత్తర దక్షిణం రెండూ), ముళ్ల పొడవు, నీటి వసతి రాసుకుంటున్నాం. నీటి వసతి గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. గుడిలో రోజూ అభిషేకం నీళ్లు పారే చోట ఉన్న చెట్టునూ, బోరు ఎండిపోయిన చేను గట్టు మీది చెట్టునూ ఒకే తూకంలో పెడితే మనం ఎంచేది చెట్టును కాదు, నీళ్లను.

ఆకు కోతకు 0 నుంచి 3 వరకు అంకె వేస్తున్నాం, బాగా ఎక్కువ కోసిన చెట్టుకు 3. ఈ ఏడు శివరాత్రి ఫిబ్రవరి 26న. ఆ వారం సిటీ మార్కెట్‌కు మారేడు దళం మూటలు మూటలుగా వస్తుంది. కార్తిక సోమవారాల్లో కూడా అంతే. ఏటా రెండుసార్లు కొమ్మలు దులిపేసిన చెట్టుకు కాయను పెంచే ఆకు మిగలదు. అలాంటి చెట్టుకు కాయ చిన్నదైతే అది జాతి గుణం కాకపోవచ్చు. 3 అంకె పడిన చెట్లను కాయ బరువు తక్కువని కొట్టేయకుండా విడిగా ఉంచాం. పూజారి గారితో ముందే మాట్లాడుకుంటే ఒక పక్క కొమ్మను ఏడాది పాటు కోయకుండా వదులుతారు. ఆ కొమ్మ కాయలే కొలతకు తీసుకోవాలి.

పిలకల విషయంలో జాగ్రత్త అవసరం. మారేడు వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి. పాత గుళ్లలో వరసగా కనిపించే చెట్లు చాలాసార్లు ఒకే చెట్టు పిల్లలు. వాటిని వేరువేరు చెట్లుగా లెక్కేస్తే ఒకే గుణాన్ని పదేపదే కొలిచి, ఈ ప్రాంతంలో ఈ గుణం ఎక్కువని తప్పుగా తేలుస్తాం. రెండు చెట్ల మధ్య దూరం తక్కువగా ఉండి, ముళ్లూ ఆకు ఆకారమూ కాయ అడుగు భాగమూ ఒకేలా ఉంటే మొదళ్ల మధ్య మట్టిని మెల్లగా తవ్వి వేరు కలుస్తుందేమో చూడాలి. కలిస్తే రెండింటికీ ఒకటే కోడ్.

మార్చి: ఎన్ని కాయలు తీస్తే చాలు

మార్చిలో ఆకు రాలి కొమ్మలు బోసిపోతాయి, కాయలు మాత్రం వేలాడుతుంటాయి. చెట్టు మీద కాయలు లెక్కించడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. ఇద్దరు చెట్టుకు చెరో వైపు నుంచి లెక్కించి, అంకెలు పదింట ఒక వంతు కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్లీ లెక్కించాలి. ఈ లెక్క లేకుండా కాయ బరువుకు అర్థం ఉండదు. పట్టుమని పది కాయలు కాసిన ఏడాది ఏ చెట్టుకైనా కాయ పెద్దదే అవుతుంది.

నమూనా ఎంతన్నది ముందే లెక్క కట్టుకోవాలి. ఒకే చెట్టు కాయల మధ్య బరువు తేడా (ప్రామాణిక విచలనం) సగటులో 20 శాతం ఉందనుకుందాం. 5 కాయలు తూస్తే సగటులో పొరపాటు దాదాపు 8.9 శాతం, 10 కాయలు తూస్తే 6.3 శాతం. పది కాయల చొప్పున తూచిన రెండు చెట్లను పోల్చితే ఆ తేడాలో పొరపాటు దాదాపు 9 శాతం అవుతుంది. అంటే సగటుల మధ్య దానికి రెట్టింపు, 18 శాతం తేడా వస్తే తప్ప ఇది దానికన్నా పెద్ద కాయ చెట్టు అని ధైర్యంగా అనలేం. మూడు కాయలు తెచ్చి తూచి ర్యాంకులు ఇవ్వడం ఎందుకు పనికిరాదో ఈ లెక్కే చెబుతుంది. మేం చెట్టుకు 10 కాయలు పెట్టుకున్నాం: నాలుగు దిక్కుల నుంచీ రెండేసి, నడిమి ఎత్తున, మిగతా రెండు పై కొమ్మల నుంచి. రాలిన కాయ వద్దు. అది పురుగు తొలిచో, తొడిమ కుళ్లో, ఎండకు తాళలేకో రాలి ఉంటుంది.

కోతకు దోటికి చిక్కం కట్టి వాడుతున్నాం. చిక్కం నోటికి గట్టి తీగ, లోపల రెండు పొరల నైలాన్ వల. కాయ కింద పడితే పైకి ఏమీ కనిపించదు, కానీ పెంకులో వెంట్రుకంత చీలిక వస్తుంది. అందులోంచి బూజు దిగి పండే లోపే లోపలంతా కుళ్లుతుంది. తొడిమ రెండు సెంటీమీటర్లు ఉంచి కోయాలి, లాగితే తొడిమ గుంటలోంచే కుళ్లు మొదలవుతుంది. చెట్టెక్కడం వద్దు. మారేడు ముల్లు తిన్నగా, సూదిలా ఉంటుంది, చర్మంలో విరిగితే బయటికి తీయడం కష్టం.

ఏప్రిల్: జల్లులు, పగుళ్లు

ఈ నెల కొలతల్లో మాకు అన్నిటికన్నా విలువైనది పగుళ్ల లెక్కే. ఉగాది దాటాక పడే జల్లులకు, నెలల తరబడి ఎండిన వేళ్లు ఒక్కసారిగా నీరు పీలుస్తాయి. లోపలి గుజ్జు ఉబ్బుతుంది, గట్టిపడిన పెంకు సాగదు, నిలువునా పగులుతుంది. పగిలిన కాయలోకి చీమలూ ఈగలూ దూరతాయి, రెండు మూడు రోజుల్లో పులిసిన వాసన వస్తుంది. ప్రతి జల్లు తర్వాత మూడో రోజు చెట్టు మీదివీ కిందివీ పగిలిన కాయలు లెక్కించి, మార్చిలో వేసిన మొత్తం లెక్కతో భాగిస్తే పగుళ్ల శాతం వస్తుంది.

దీన్ని ఇక్కడే కొలవాలి. పెంకు మరీ పలచనైన చెట్టు గుజ్జు శాతంలో పై వరసలో నిలుస్తుంది, మొదటి జల్లుకే చీలిపోతుంది. పెంకు మందమైతే పగలదు, కానీ బరువులో మూడో వంతు పెంకే. ఈ రెంటి నడుమ ఉన్న చెట్టే మనకు కావలసింది. తడి ఎప్పుడూ ఉండే చోటి చెట్లకు పగుళ్లు తక్కువగా ఉండటం సహజం. ఫిబ్రవరిలో రాసుకున్న నీటి వసతి గడి ఇప్పుడు అక్కరకొస్తుంది: నీళ్లున్న చెట్లను నీళ్లున్న చెట్లతోనే, మెట్ట చెట్లను మెట్ట చెట్లతోనే పోల్చాలి.

కాయల మీద నీరు నానినట్టు మచ్చలు వచ్చి, తర్వాత గోధుమరంగుకు తిరిగి, మధ్యలో చిన్న పగుళ్లతో జిగురు కారితే అది బ్యాక్టీరియా మచ్చ తెగులు. అదే ఆకుల మీద పడితే చిల్లులు చిల్లులుగా అవుతుంది. ఈ తెగులున్న చెట్టు నుంచి కన్ను కొమ్మ (అంటుకు కళ్లు తీసే కొమ్మ) తీసుకోకూడదు.

మే మొదటి సగం: కాయ కోసి కొలవడం

కోసిన కాయ ముదురాకుపచ్చ పోయి పసుపు కలిసిన ఆకుపచ్చకు తిరిగి ఉండాలి. గదిలో గడ్డి పరిచి తొడిమ పైకి ఉండేలా పెడితే వారం పది రోజుల్లో తొడిమ దగ్గర వాసన మొదలవుతుంది, తొడిమ వేలితో తోస్తే ఊడుతుంది. కోసిన రోజు ఒకసారి, పండాక ఒకసారి తూచాలి. రెంటి తేడా నీటి నష్టం. శాతాల లెక్క అంతా పండిన బరువు మీదే వేయాలి, లేదంటే ఒక చెట్టు తడి బరువుతో, ఇంకోటి ఆరిన బరువుతో పోటీ పడతాయి.

సామాను: 5 కిలోల వరకు 1 గ్రాము చూపే కాటా, 500 గ్రాముల వరకు 0.1 గ్రాము చూపే చిన్న కాటా, వెర్నియర్, గుడ్డ టేపు, హ్యాక్సా బ్లేడు, స్టీలు చెంచాలు, కాయకు ఐదు గిన్నెలు. గిన్నెల ఖాళీ బరువు ముందే గిన్నె మీదే రాసి పెట్టుకోవాలి. పెద్ద కాయకు మామూలు వెర్నియర్ దవడలు అందవు. చుట్టుకొలత టేపుతో తీసి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది.

కాయను సుత్తితో కొట్టకూడదు. పెంకు ముక్కలు గుజ్జులో దిగబడితే వాటిని ఏరడానికే పూట గడుస్తుంది, గుజ్జు బరువూ తప్పు వస్తుంది. నడుము చుట్టూ హ్యాక్సా బ్లేడుతో పెంకు మందం మేరకే గాడి తీసి, రెండు చేతులతో మెలితిప్పితే సగానికి విడుతుంది. కోసిన తలాన్ని ముందు ఫొటో తీసి, గదులు లెక్కించాలి. గింజలున్న చిన్న గదులు మధ్యన వలయంలా ఉంటాయి, ఒక్కో గదిలో తెల్లని నూగున్న గింజలు పారదర్శకమైన జిగురులో మునిగి ఉంటాయి. చుట్టూ నారింజ పసుపు గుజ్జు. గదులు తక్కువగా, చిన్నవిగా, మధ్యకే ఒదిగి ఉంటే గుజ్జు తీయడం తేలిక. కొన్ని కాయల్లో గదులు అంచుదాకా వ్యాపించి ఉంటాయి. వాటిలో చెంచా ఎక్కడ పెట్టినా జిగురే తగులుతుంది, తూకంలో గుజ్జు ఎంత ఉన్నా అది చేతికి రాదు.

ముందు గదుల్లోంచి గింజలూ జిగురూ కలిపి ఒక గిన్నెలోకి, తర్వాత గుజ్జు ఇంకో గిన్నెలోకి, పీచు వేరే గిన్నెలోకి. పెంకును లోపల గీకి తూచాలి. పెంకు మందం తొడిమ దగ్గర, నడుము దగ్గర, అడుగున మూడు చోట్ల కొలవాలి. నడుము దగ్గర ఒక్కటే కొలిస్తే అడుగు మందంగా ఉండే కాయలు తప్పించుకుంటాయి. గింజలను బూడిదతో రుద్ది కడిగి, నీడన ఆరబెట్టి లెక్కించి తూచాలి. ముందటి బరువులోంచి దీన్ని తీసేస్తే జిగురు బరువు దాదాపుగా తెలుస్తుంది.

ఈ నెల బల్ల మీదికి వచ్చిన రెండు కాయలు పక్కపక్కన పెడితే ఎంపిక ఎందుకు చిక్కో తెలుస్తుంది. మొదటిది 1,140 గ్రాములు: పెంకు 252, గుజ్జు 752, జిగురు 78, గింజలు 34, పీచూ రంపపు పొడీ నష్టమూ 24. అంటే గుజ్జు 66 శాతం, పెంకు 22 శాతం, గింజలూ జిగురూ కలిపి 10 శాతం లోపు. రెండోది 1,860 గ్రాములు, చూడగానే అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి. పెంకు 558, గింజలూ జిగురూ 316, పీచూ నష్టమూ 40, గుజ్జు 946. గుజ్జు 51 శాతమే, పెంకు 30 శాతం. కాయ బరువు 720 గ్రాములు పెరిగితే గుజ్జు పెరిగింది 194 గ్రాములే. చెట్టు మిగతా శక్తిని పెంకుకూ జిగురుకూ పెట్టింది. బరువు గడి ఒక్కటే చూసి కన్ను కొమ్మలు కోసుకెళ్తే దొరికేది రెండో చెట్టు.

అందుకే మార్కులు కూడే పద్ధతి మేం వదిలేశాం. కూడితే బరువులో వచ్చిన పది మార్కులు పెంకులో పోయిన మార్కులను కప్పేస్తాయి. దాని బదులు గడపలు పెట్టాం, ఏ ఒక్క గడప దాటకపోయినా చెట్టు బయటికి. గుజ్జు 60 శాతానికి తగ్గకూడదు, పెంకు 25 శాతం దాటకూడదు, గింజలూ జిగురూ కలిపి 12 శాతం దాటకూడదు, గుజ్జు తీపి (రసంలో కరిగిన చక్కెర వంటి పదార్థాల శాతం, దాన్నే బ్రిక్స్ అంటారు) 30 బ్రిక్స్‌కు తగ్గకూడదు, పగుళ్లు 10 శాతం దాటకూడదు. గడపలన్నీ దాటిన చెట్ల మధ్యే కాయ బరువూ కాపూ చూస్తాం.

మే రెండో సగం: తీపి, పులుపు

రసం చుక్కతో బ్రిక్స్ చూపే రిఫ్రాక్టోమీటర్ కొనేటప్పుడు స్కేలు చూసుకోవాలి. పండ్ల దుకాణాల వాళ్లు వాడే మామూలుది 0 నుంచి 32 బ్రిక్స్ దాకానే ఉంటుంది. మారేడు గుజ్జు తరచూ ఆ అంచుకు చేరుతుంది, చాలాసార్లు దాటుతుంది. జిగురైతే గుజ్జు కన్నా ఇంకా చిక్కన. 28 నుంచి 62 స్కేలున్నదో, 0 నుంచి 80 ఉన్నదో కావాలి.

చిన్న స్కేలుదే ఉంటే గుజ్జును సమాన బరువు నీటితో కలిపి, వచ్చిన అంకెను రెట్టింపు చేయవచ్చు. నీటిని కొలపాత్రతో కాదు, కాటా మీద తూచాలి, ఎందుకంటే బ్రిక్స్ బరువు నిష్పత్తి. ఇందులో ఒక మెలిక ఉంది. గుజ్జులో కరగని పీచు కూడా ఉంటుంది, దాని బరువుకు సరిపడా కూడా మనం నీరు పోస్తున్నాం. 100 గ్రాముల గుజ్జులో 30 గ్రాములు కరిగే పదార్థం, 62 నీరు, 8 పీచు అనుకుంటే, నేరుగా చూసిన అంకె 32.6 రావాలి. సగానికి పలచన చేసి రెట్టిస్తే 31.25 వస్తుంది. అంటే ఒకటికి పైగా తక్కువ, పీచు ఎక్కువున్న చెట్టుకు ఇంకా తక్కువ. 30 బ్రిక్స్ గడప దగ్గర ఊగిసలాడే చెట్టుకు ఈ తేడా చాలు బయటపడటానికి. కాబట్టి అన్ని చెట్లకూ ఒకటే పద్ధతి. పాత అంకెలతో కలపాలంటే ఏ పద్ధతో పక్కన రాసి ఉండాలి.

వేడి సవరణ లేని పరికరమైతే 20 డిగ్రీల సెల్సియస్ కోసం తయారు చేసి ఉంటుంది. మే మధ్యాహ్నం గది 30 డిగ్రీలు ఉంటే చదివిన అంకెకు దాదాపు 0.8 కలపాలి. గుజ్జును గుడ్డలో పిండి, మొదటి చుక్క వదిలి, రెండో చుక్క గాజు మీద వేయాలి. ముద్దను నేరుగా పూస్తే గీత మసకబారి ఇద్దరు చదివితే రెండు అంకెలు వస్తాయి.

పులుపుకు 10 గ్రాముల గుజ్జు నూరి, నీటితో 100 మిల్లీలీటర్లు చేసి వడకట్టి, అందులో 25 మిల్లీలీటర్లు తీసుకుని 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేయాలి, అంటే ఆమ్లమంతా తటస్థమయ్యేదాకా ఈ క్షారం బ్యూరెట్ నుంచి ఎంత పడిందో కొలవాలి. సిట్రిక్ ఆమ్లానికి తుల్యభారం 64. 2 మిల్లీలీటర్లు పడితే 2 × 0.1 × 64 ÷ 1000 = 0.0128 గ్రాములు. అది 2.5 గ్రాముల గుజ్జులోది కాబట్టి పులుపు 0.51 శాతం. 10 మిల్లీలీటర్లే తీసుకుంటే బ్యూరెట్‌లో పడేది ఒక మిల్లీలీటరు కూడా ఉండదు, ఒక్క చుక్క తేడాకే ఫలితం మారుతుంది. టైట్రేషన్ ముగిసిందని చూపే ఫినాఫ్తలీన్ గులాబీ రంగు మారేడు పసుపులో సరిగ్గా కనిపించదు. పీహెచ్ మీటరు పెట్టి 8.2 దగ్గర ఆపితే కంటి మీద ఆధారపడే పని ఉండదు.

జూలై: కన్ను అంటు

గడపలు దాటిన చెట్ల నుంచి ఈ వానాకాలమే అంటు మొదలుపెట్టాం. రెండో ఏడు కొలతలు కూడా చూశాక కడదామంటే ఏడాది పోతుంది. ఇప్పుడు కట్టి, వచ్చే ఏడు గడప తప్పిన వాటిని తీసేయడం నయం.

అడుగు మొక్కలు (కన్ను అతికించే వేరు మొక్కలు) గింజ నుంచి పెంచినవి, ఏడాది వయసు, పెన్సిల్ మందం. గింజ పండులోంచి తీసిన వెంటనే జిగురు పోయేలా బూడిదతో రుద్ది నాటాలి, జిగురు మిగిలితే బూజు పడుతుంది. సంచి పొడవు 12 అంగుళాలైనా ఉండాలి. పొట్టి సంచిలో తల్లివేరు అడుగున చుట్టుకుంటుంది, నాటాక ఎన్నాళ్లైనా మొక్క పుంజుకోదు. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్లు.

కన్ను కొమ్మ తీసే వారం పది రోజుల ముందు చెట్టు మీదే ఆ కొమ్మకు ఆకులు తుంచి, కాడలు మాత్రం ఉంచాలి. కళ్లు ఉబ్బుతాయి. కోశాక తడి గోనెలో చుట్టి అదే రోజు కట్టేస్తే మంచిది. అడుగు మొక్క మీద నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున, 2.5 సెంటీమీటర్ల పొడవు, అందులో సగం వెడల్పుతో బెరడు దీర్ఘచతురస్రంగా తీసి, అదే కొలతలో కన్నున్న బెరడు ముక్క అమర్చి, పాలిథీన్ పట్టీతో కింది నుంచి పైకి పెంకులు కప్పినట్టు చుట్టాలి. అలా చుడితే వాన నీరు లోపలికి దిగదు. బెరడు తేలిగ్గా ఊడిరావాలి. కత్తితో గీకాల్సి వస్తోందంటే మొక్కలో రసం పారడం లేదు, రెండు మూడు రోజులు నీళ్లు పెట్టి మళ్లీ చూడాలి.

మూడు వారాల తర్వాత పట్టీ విప్పితే ముక్క పచ్చగా ఉండి, ఆకు కాడ ముట్టుకోగానే రాలితే అంటు పట్టినట్టు. కాడ ఎండి అంటుకునే ఉంటే పోయినట్టు. పట్టాక పైభాగాన్ని ఒక్కసారే కోయకుండా ముందు సగం, కన్ను నాలుగు ఆకులు వేశాక మిగతాది కోస్తున్నాం.

కొత్త చిగురు మీద నిమ్మ సీతాకోకచిలుక గొంగళి పడుతుంది. చిన్నప్పుడు పిట్ట రెట్టలా గోధుమా తెలుపూ మచ్చలతో ఉండి కనిపించదు, పెరిగాక ఆకుపచ్చ. రెండాకుల చిగురును అది ఒక్క రోజులో తినేస్తుంది. నర్సరీలో రోజూ ఉదయం చేత్తో ఏరడమే సరైన పని, మొక్కలు కొద్దిగానే ఉన్నప్పుడు మందు అవసరం లేదు.

అక్టోబరు: మందు జాబితా

మే, జూన్ నెలల్లో వేసిన పిందె ఇప్పుడు సగం ముదిరింది. చిక్కపేట, అవెన్యూ రోడ్డు వైపు మూలికల అంగళ్లలో దొరికే ఎండు మారేడు ముక్కలు ఈ దశ కాయవే కావాలి. వాటిలో వెలగ ముక్కలూ మాంగస్టీన్ తొక్కలూ కలుస్తుంటాయి. మారేడు ముక్కలో గింజల గదులు వలయంగా విడివిడిగా కనిపిస్తాయి. వెలగలో గదుల గోడలు ఉండవు, గింజలు గుజ్జంతా చెదిరి ఉంటాయి. మాంగస్టీన్‌ది తొక్క మాత్రమే కాబట్టి గది ఆనవాలే ఉండదు.

పిందె పడ్డప్పుడు రంగు దారం కట్టిన కాయలే కోస్తున్నాం. వయసు తెలియని పచ్చి కాయలు పోల్చి లాభం లేదు. కాయ ముదిరేకొద్దీ వగరునిచ్చే ట్యానిన్ తగ్గుతుంది, కాబట్టి నెల తేడా చెట్ల తేడాను మింగేస్తుంది. పెంకు ఇంకా కట్టెలా గట్టిపడలేదు, బరువైన స్టీలు కత్తికి లొంగుతుంది. ఇనుప కత్తి వద్దు. దానితో కోసిన ముక్క అంచు చూస్తుండగానే నీలినలుపుకు తిరుగుతుంది. అది ట్యానిన్ ఇనుముతో కలిసి చేసే రంగు, తర్వాత చేసే పరీక్షలకూ అడ్డు వస్తుంది.

పెంకు తీసి 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందాన ముక్కలు కోసి, తూచి, 50 డిగ్రీల డ్రయ్యర్‌లో పెట్టాలి. వేడి పెంచితే పైన పొర గట్టిపడి లోపల తడి నిలుస్తుంది, డబ్బాలో పెట్టిన కొన్నాళ్లకు బూజు. రెండు గంటల తేడాతో తూచిన రెండు తూకాల మధ్య అర శాతం కూడా తేడా లేకపోతే ఎండినట్టు. ఎండు బరువును పచ్చి బరువుతో భాగించి వందతో గుణిస్తే రికవరీ. మూలిక కొనేవాడు ఎండు బరువుకే డబ్బిస్తాడు కాబట్టి మందు జాబితాలో ఇదే మొదటి గడప.

పొడిని 40 మెష్ జల్లెడ పట్టి, ల్యాబుకు చెట్టు పేరు లేకుండా కోడ్‌తోనే పంపుతున్నాం. అడిగేవి రెండు: మొత్తం ట్యానిన్లు, హెచ్‌పీటీఎల్‌సీ (పలచని పొర మీద పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) మీద మార్మెలోసిన్ అనే మారేడు పదార్థం. మార్మెలోసిన్‌కే రసాయన శాస్త్రంలో ఇంపెరాటోరిన్ అని పేరు, ప్రామాణిక నమూనా ఆ పేరుతోనే కొనాలి. ప్రతి విడతలో ఒక నమూనాను రెండు కోడ్‌లతో రెండుసార్లు పెడుతున్నాం. ఆ రెండు అంకెల మధ్య ఎంత తేడా వస్తే, చెట్ల మధ్య అంతకు మించిన తేడానే నిజంగా లెక్కలోకి తీసుకోవాలి.

డిసెంబరు: పోల్చే తోట ప్లాను

ఇంతవరకూ కొలిచిందంతా చెట్టు గుణం, దాని నేల గుణం కలిసినదే. రెండూ విడిపోవాలంటే అంటు మొక్కలు ఒకే చేలో పెరగాలి. ప్లాను ఇది: 7 ఎంపికలు, పోలికకు గోమా యశి ఒకటి, మొత్తం 8. నాలుగు బ్లాకులు, ప్రతి బ్లాకులో ఒక్కో ఎంపిక రెండేసి మొక్కలు, బ్లాకులో వరస చీటీలు తీసి నిర్ణయిస్తాం. మొత్తం 64 మొక్కలు. 6 × 6 మీటర్ల దూరాన 2,304 చదరపు మీటర్లు, అంటే దాదాపు 23 గుంటలు. చుట్టూ అడుగు మొక్కలతో ఒక వరస కంచె, అంచు మొక్కకు వెలుతురు ఎక్కువై కాయ పెద్దదన్న భ్రమ రాకుండా. చేను వాలు ఉంటే బ్లాకులు వాలుకు అడ్డంగా వేయాలి, అప్పుడు ఒక బ్లాకంతా ఒకే తేమలో ఉంటుంది.

ఎంపికకు ఎనిమిది మొక్కలే కావాలి గానీ ఇరవై చొప్పున అంటు కడుతున్నాం. పట్టనివి, గొంగళి తిన్నవి, వంకరవి పోగా ఒకే ఎత్తు మొక్కలు ఎనిమిది మిగలాలి. అంటు మొక్క నాలుగైదేళ్లకు కాపుకు వస్తుంది, గింజ మొక్కైతే ఏడెనిమిదేళ్లు లేదా ఇంకా ఎక్కువ.

నాటే ముందు ప్రతి మొక్కకూ అంటు అతుకు పైన ఒక వేలు ఎత్తున తెల్ల ఎనామిల్ పెయింట్ గీత వేసి, ఏటా వానలకు ముందు మళ్లీ వేయాలి. మారేడులో అడుగు మొక్కా మారేడే, ఆకు ముళ్లూ అవే. అతుకు కింద నుంచి లేచిన చిగురు పైదాన్ని అణచి చెట్టయినా కాయ కాసేదాకా ఎవరికీ తెలియదు. గీతకు కింద ఏ చిగురు కనిపించినా, వేరు పిలక లేచినా, వేలితో విరిచేయగలిగే లేత దశలోనే తీసేయాలి.